పేరుకు కట్టిన రాయి

ఇరవై మూడో బుట్ట ఎరువు పొలంలో గుమ్మరించాక గాని యాంగ్జెస్ తలెత్తి చూడలేదు. వీపు మీది బుట్టను దించకుండానే ఒక పక్కకి వంగి, భుజం మీదుగా ఎరువు కింద పడేలా ఒక్క విసురు విసరాలి. చూడ్డానికి తేలికే, చేసేవాళ్ళ నడుముకే తెలుస్తుంది. ఆమెకి ఆ పని ఎంతగా ఒంటబట్టిందంటే, గొంపలో, అంటే మా బౌద్ధ మఠంలో, బుద్ధుడి ముందు సాష్టాంగపడేటప్పుడు కూడా కుడి భుజమే ముందు వంగుతుంది. "దేవుడి మీద పేడ పోస్తావేంటే?" అని తోటి భిక్షుణులు నవ్వుతారు. ఆమె కూడా నవ్వుతుంది. నవ్వక ఏం చేస్తుంది?

కాలవ గట్టు మీద ఆమె అన్న గ్యాల్సన్ పార ఆనించుకుని నిలబడ్డాడు. ఊరికి నీళ్ళ పెద్ద అతనే. ఖాంకర్ కొండ మీద మంచు కరిగి దిగే నీళ్ళు ఏ పూట ఏ పొలానికి పోవాలో అతని పారే చెబుతుంది. లామా ఎదురైనా సరే, నీళ్ళు పారే నాలుగు నెలలూ ఊళ్ళో అందరూ ముందు గ్యాల్సన్‌కే దణ్ణం పెడతారు.

"అచో, ఇక నేను గొంపకి బయల్దేరతా," అంది యాంగ్జెస్. మా వైపు అన్నని అచో అనే పిలుస్తాం, ఎంత కోపం ఉన్నా.

"పున్నమి మర్నాడు మన నీళ్ళ వంతు. తెల్లారేసరికి ఇక్కడుండాలి."

"ఒకవేళ ఈసారి నా పేరు పడితే?"

గ్యాల్సన్ ఒక మట్టిపెళ్ళ తీసి గండికి అడ్డం వేశాడు. దాన్ని కాలితో తొక్కి గట్టిచేసి అప్పుడు నవ్వాడు. "పడితే వెళ్ళు. కొండ పిలిస్తే ఆపడానికి నేనెవర్ని? ఇన్నేళ్ళుగా పిలవంది ఇప్పుడు గుర్తొచ్చి పిలుస్తుందా, పిచ్చిమొహమా!"

ప్రతి ఏడూ ఆమె ఇదే అడుగుతుంది, అతను ఇదే చెబుతాడు.

ఖాంకర్ అంటే మా ఊరికి నీళ్ళిచ్చే కొండ మాత్రమే కాదు, మా దేవత. తెల్లగా, ఒంటరిగా ఉంటుంది. దాని పాదాల దగ్గర, ఊరి నుంచి ఒక పూట ఎక్కితే, ఒంటి గది గుడి ఉంది. అందులో దీపం ఏడాది పొడుగునా ఆరకూడదు. నాలుగో నెల పున్నమికి గొంపలోని భిక్షుణుల్లో ఒకరు పైకి వెళ్ళి, మళ్ళీ ఏడు అదే పున్నమి దాకా ఆ దీపం కాస్తారు. ఆ ఏడాది ఆమె కొండ మనిషి. అన్న వచ్చి కోతకి రమ్మనకూడదు, తమ్ముడు వచ్చి గొర్రెల్ని కాయమనకూడదు. పొద్దున లేచి దీపంలో నెయ్యి పోసి, పుస్తకం ముందు పెట్టుకుని కూర్చోవచ్చు. ఎవరూ కేకెయ్యరు.

ఎవరు వెళ్ళాలో మనుషులు చెప్పరు. ఏడుగురు భిక్షుణుల పేర్లు ఏడు కాగితాల మీద రాసి, బార్లీ పిండి ముద్దల్లో పెట్టి, ఆ ముద్దల్ని గిన్నెలో వేసి దేవత ముందు తిప్పుతారు. ఏ ముద్ద గిన్నె దాటి కింద పడితే అది కొండ పిలుపు. మిగతా ఆరూ విప్పకుండా నదిలో చేపలకి వేసెయ్యాలి. విప్పి చూడ్డమంటే కొండని అనుమానించినట్టే.

యాంగ్జెస్ తల గుండు చేయించుకుని ఇరవై అయిదేళ్ళయింది. ఒక్కసారీ ఆమె ముద్ద పడలేదు. చోరోల్ రెండుసార్లు వెళ్ళొచ్చింది, కుంజెస్ మూడుసార్లు. తనంటే కొండకి ఎందుకు గిట్టదో యాంగ్జెస్ పొలంలో ఆలోచిస్తూ ఉంటుంది. గునపం కింద పడి చచ్చిన వానపాముల వల్లా? ఒక పున్నమినాడు దున్నపోతుని బూతులు తిట్టడం వల్లా? లేకపోతే చేతుల వాసన వల్లా? ఆ చివరి మాట ఆమెకి బాగా నాటుకుపోయింది. అందుకే ప్రతి ఏడూ గొంపకి వెళ్ళే ముందు వాగు దగ్గర కూర్చుని బూడిదతో, ఇసుకతో మోచేతుల దాకా తోముకుంటుంది. ఆ రోజూ తోముకుంది. వాసన చూసుకుంది. మళ్ళీ తోముకుంది.

*

గొంప వాకిట్లో అందరికంటే పెద్దావిడ పల్కిత్ ఎండకి కూర్చుని ఉంది. డెబ్భై ఆరేళ్ళ ఆమెని అందరూ అబి అంటారు, అంటే నాయనమ్మ. ముప్ఫై ఏళ్ళుగా పున్నమి ముద్దలు చేసేది ఆమే. ఇప్పుడు టీ గిన్నె పట్టుకున్నా సగం ఒళ్ళో ఒలుకుతోంది.

"ఈ చేతులు ఇక తూకానికి పనికిరావు," అంది అబి అందరూ వినేట్టు. "ఈసారి ముద్దలు యాంగ్జెస్ చేస్తుంది."

"యాంగ్జెసా?" అంది చోరోల్. ఆమె నోరు ఊరుకోదు. "దాని చెయ్యి పేడ పిడకలకి అలవాటు. ముద్దలు ఎత్తితే గిన్నె పట్టదు."

"పట్టకపోతే నీ నోట్లో పెడతా, అప్పుడైనా మూతపడుతుంది," అంది యాంగ్జెస్. అందరూ నవ్వారు. ఆమె మాత్రం తన చేతుల వంక చూసుకుంది. కొండకి వద్దనిపించిన చేతులు కొండ కోసం పిండి కలపాలి.

"త్రాసు పిండి పెట్టెలో అడుగున ఉంటుంది. పై అరలో వెతక్కు, అడుగునే చూడు," అంది అబి. రెండుసార్లు చెప్పింది.

వంటింట్లో పెట్టె మనిషి నడుమంత ఎత్తు. యాంగ్జెస్ అందులోకి సగం దూరి, పిండి సంచులు ఒక్కొక్కటీ బయటపెట్టింది. త్రాసు దొరికింది. దాని పక్కనే, మూల, ఒక గొంగళి సంచి ఉంది. కదిపితే లోపల ఏవో గలగలలాడాయి. జున్ను ముక్కలనుకుంది. విప్పితే పాత పిండి ముద్దలు, ఎండి బూడిదరంగుకి తిరిగి, ఆప్రికాట్ కాయలంత ఉన్నాయి. కొన్నిటిని ఎలుకలు కొరికాయి.

ఒకటి దానంతటదే రెండుగా పగిలిపోయి ఉంది. పగుల్లోంచి ఏటి గులకరాయి కనిపించింది. రాయికి చుట్టి కాగితం. కాగితం మీద అబి పెద్ద పెద్ద అక్షరాలు. యాంగ్జెస్ కూడబలుక్కుని చదివింది. తన పేరు.

ఆమెకి వెంటనే ఏమీ అర్థం కాలేదు. రోటి దగ్గరికి వెళ్ళి ఇంకో ముద్దని బండతో కొట్టింది. రాయి, రాయి చుట్టూ తన పేరు. ఇంకోటి కొట్టింది. అలా అన్నీ కొట్టింది. గది నిండా పాత పిండి దుమ్ము లేచింది. చివరికి ఆమె ముందు పందొమ్మిది గులకరాళ్ళు, పందొమ్మిది కాగితాలు మిగిలాయి.

అప్పుడు అర్థమైంది. తిప్పినప్పుడు తేలిక ముద్దలు అంచుకెక్కి దూకుతాయి. బరువైంది అడుగునే కూర్చుంటుంది. పందొమ్మిదేళ్ళ కిందట వదిన పోయింది. ఇద్దరు పిల్లలు, చిన్నది పాలు మరవలేదు.

వాటిని మళ్ళీ సంచిలో వేసుకుని వాకిట్లోకి వచ్చింది. అబి ఒక్కతే ఉంది. జపమాల తిప్పుతోంది గాని పెదాలు కదలడం లేదు.

"లెక్కపెట్టావా?" అంది అబి.

"పందొమ్మిది."

"అయితే అన్నీ ఉన్నాయి. ఎలుకలు లాక్కుపోయాయేమో అనుకున్నా."

"ఏంటబీ ఇది?" అంది యాంగ్జెస్.

"ఎవరూ చూడకుండా ఆ ఒక్కటీ గిన్నెలోంచి తీసి దాచేదాన్ని. నదిలో వెయ్యడానికి చెయ్యి రాలేదు. చేపలకి తిండని చెప్పి రాయి పెట్టడం పాపం కదా."

"చేపలకి పాపమని తెలిసింది. నాకు?"

అబి జపమాల ఆపింది. చేతులు ఒళ్ళో వణుకుతున్నాయి. వాటిని చూసుకుంటూ మాట్లాడింది. "మొదటి ఏడు, ఒక్క ఏడే కదా అనుకున్నా. పాలు తాగే పిల్ల ఉంది, ఇంట్లో ఆడదిక్కు లేదు. కొండ కూడా ఒప్పుకుంటుందనుకున్నా. రెండో ఏడు మళ్ళీ ఒక్క ఏడే అన్నారు. మూడో ఏడు రాయి పెట్టి, ఇదే ఆఖరు, ఇక కుదరదన్నా. గొంప పొలానికి నీళ్ళు ఆలస్యమయ్యాయి. మొలకలు సగం మాడిపోయాయి. నువ్వూ చూశావు, మరిచిపోయి ఉంటావ్. ఆ తరవాత నేను కాదనలేదు."

"ఎవరన్నారు?"

"నీకు తెలీదా?"

యాంగ్జెస్ సంచి మూతి బిగించి ముడేసింది. తెలియదంటే అబద్ధమే అవుతుంది.

"రేపు పొద్దున వస్తాడు. ముద్దలు చేసే పూటే వస్తాడు ప్రతిసారీ," అంది అబి. "ఆ పెట్టె అడుగున వెతకమని ఎందుకన్నాననుకున్నావ్? నోటితో చెప్పే ధైర్యం లేక. నేను రాళ్ళు పెట్టడం మొదలెట్టినప్పటి నుంచి నా పేరూ పడలేదే. అంతకు ముందు రెండుసార్లు పిలిచిన కొండ మొహం తిప్పేసుకుంది. రేపు నువ్వేం చేసినా నేను నోరెత్తను."

యాంగ్జెస్‌కి అబిని పట్టుకుని కుదపాలనిపించింది. ఆ ఎముకలగూడుని కుదిపితే ఏమొస్తుంది? వెళ్ళి నీళ్ళు కాచి, ఒళ్ళో టీ ఒలికిన ముసలిదాని అంగీ విప్పించి ఉతికింది. ఉతుకుతున్నంతసేపూ ఏడ్చింది. ఇన్నేళ్ళూ తన చేతుల్ని తాను అసహ్యించుకుంది. వానపాములకి క్షమాపణలు చెప్పింది. కొండ వద్దనలేదు. ఈ పందొమ్మిదేళ్ళూ కొండని ఎవరూ అడగనే లేదు.

*

పిండిలో చెయ్యి పెట్టిన క్షణం నుంచి గిన్నె దేవత ముందు పెట్టేదాకా ముద్దలు చేసే మనిషి మాట్లాడకూడదు. ఊపిరి కూడా తగలకుండా నోటికీ ముక్కుకీ తెల్లగుడ్డ కట్టుకోవాలి. ఒక్క మాట జారినా పిండి పారేసి, మూడు రోజులు శుద్ధి చేసి మళ్ళీ మొదలెట్టాలి. పున్నమి దాటిపోతుంది.

పొద్దున్నే యాంగ్జెస్ గుడ్డ కట్టుకుని, తలుపుకి వీపు పెట్టి కూర్చుంది. పళ్ళెంలో వేయించిన బార్లీ పిండి. పక్కన, అబి చేతులు వణుకుతున్నాయని ఈసారి లామానే రాసి పంపిన ఏడు కాగితాలు. త్రాసు. ఇవికాక అలమరలో ఆమె తెచ్చిపెట్టుకున్న ఆరు గులకరాళ్ళు. పందొమ్మిదిలోంచి ఏరి తెచ్చింది. మిగతా ఆరుగురి పేర్లకీ రాళ్ళు కడితే, గిన్నెలో తేలిక ముద్ద ఒక్కటే ఉంటుంది.

పిండి తడిపి, మడిచి, మడమతో తొక్కినట్టు అరిచేత్తో తొక్కుతోంది. వెనక తలుపు కిర్రుమంది.

"అబీ, పెరుగు తెచ్చా. గడ్డపెరుగు, నీకు మెత్తగా ఉంటుంది," అన్నాడు గ్యాల్సన్. చీకటిగా ఉండే ఆ వంటింట్లో గుడ్డ కట్టుకున్న వీపు ఎవరిదైనా ఒకేలా ఉంటుంది. "నువ్వు మాట్లాడవని తెలుసులే. విను చాలు. ఈ ఏడు కూడా అంతే. పిల్లలు పెద్దాళ్ళయ్యారు కదా అంటావ్. పెద్దాళ్ళయ్యారు, వెళ్ళిపోయారు. వాడు లేహ్‌లో లారీ తోలుతున్నాడు, అది అత్తారింట్లో ఉంది. నాకు మోకాళ్ళు వంగవు. యాంగ్జెస్‌కేం, గుర్రంలా ఉంది, ఇంకో పదేళ్ళు చేస్తుంది. పైన కూర్చుని అది చదివేదేముంది చెప్పు? అక్షరం అక్షరం కూడబలుక్కుంటుంది. మీ పొలానికి నీళ్ళు నా వంతు కంటే ముందే వదులుతా. సరేనా?"

యాంగ్జెస్ చేతులు పిండిలో ఆగిపోయాయి. ఇంకో పదేళ్ళు. గుర్రంలా.

తిరిగి చూసింది. గుడ్డ పైన కళ్ళు మాత్రమే కనిపిస్తాయి. ఆ కళ్ళని గ్యాల్సన్ ఆమె పుట్టినప్పటి నుంచి చూస్తున్నాడు. పెరుగు కుండ చేతిలోనే ఉండిపోయింది.

"నోమో..." అన్నాడు. చిన్నప్పుడు చెల్లెల్ని అలాగే పిలిచేవాడు. తరవాత ఆ పిలుపు ఎప్పుడో మానేశాడు.

ఆమె చూస్తూనే ఉంది. చెప్పాల్సినవి గొంతు దాకా వచ్చాయి. గుడ్డ ఊపిరికి లోపలికీ బయటికీ కొట్టుకుంటోంది. ఒక్క మాట అంటే చాలు. కానీ ఆ ఒక్క మాటకి ఏడుగురి పున్నమి పోతుంది. ఆమె నోరు మూసుకోవడం కొత్త కాదు. ఇంతగా నొప్పి పుట్టడం మాత్రం కొత్త.

గ్యాల్సన్ ముందు కుండ కింద పెట్టాడు. ఆ తరవాత తలగుడ్డ సర్దుకున్నాడు. అవమానం కోపంగా మారడానికి అతనికి అంతసేపే పట్టింది. "ఏం, అలా చూస్తావ్? మీ వదిన పోయినప్పుడు పిల్లలకి ముద్ద పెట్టింది నువ్వు కాదా? అప్పుడు నేను తాళ్ళేసి కట్టానా? నీకు తిండి పెట్టలేదా, చలికాలం రాగానే గొంపకి పంపలేదా? అందరి అన్నలూ నాలాంటివాళ్ళే. చోరోల్ తమ్ముణ్ణి అడుగు." తలుపు దాకా వెళ్ళి ఆగాడు. "ఏం చేస్తావో చేసుకో. కాలవ ఎవరి చేతిలో ఉందో మాత్రం మరిచిపోకు. నువ్వు పైకెళ్ళి కూర్చుంటే కింద ఆరుగురూ ఏం తింటారో అది కూడా తూచుకో."

వెళ్ళిపోయాడు. యాంగ్జెస్ మళ్ళీ పిండి తొక్కింది. అంతకంటే చేసేదేమీ లేదు. చేతులు చాలాసేపు ఆగకుండా తొక్కాయి.

మొదటి కాగితం తీసింది. చోరోల్. అలమరలోంచి ఒక రాయి తీసి కాగితం చుట్టింది. పిండిలో పెట్టి గుండ్రంగా చేసింది. రెండోది కుంజెస్. రాయి, కాగితం, పిండి. మూడోది పల్కిత్. ఆ రాయి పెడుతుంటే ఆమెకి సంతోషమేసింది. నిజంగానే వేసింది. అబి పేరుని పిండిలో గట్టిగా నొక్కింది.

నాలుగో రాయి తీసుకుని, తన కాగితం ఎక్కడుందోనని వెతికింది. అది అన్నిటికంటే అడుగున ఉంది. యాంగ్జెస్ అని లామా చేతిరాతలో చక్కగా ఉంది. అంత అందంగా రాసిన తన పేరు ఆమె ఎప్పుడూ చూడలేదు. దాన్ని అరచేతిలో పెట్టుకుని కూర్చుంది. దీనితో పైకి వెళ్ళి, పొద్దున లేస్తూనే ఎదురుగా ఆ తెల్లటి మొహం చూడాలి. ఏడాది పాటు. ఇన్నేళ్ళు వద్దందని తను అలిగిన కొండ దగ్గరికి, ఒక్కసారైనా అడక్కుండా వెళ్ళి కూర్చోవాలి. అన్న చేసిందే తనూ చేస్తే, అతను కాలవని తన వైపు తిప్పుకున్నట్టే తను కొండ దీపాన్ని తన వైపు తిప్పుకున్నట్టవుతుంది. తేడా ఏముంది?

రోజంతా అలా కూర్చునే వీలు లేదు. మూడు ముద్దలూ విప్పి రాళ్ళు బయటికి తీసింది. పల్కిత్ ముద్దలోంచి రాయి తీసేటప్పుడు మాత్రం కొంచెం ఆలస్యం చేసింది.

ఏడు ముద్దలు చేసింది. ఒక్కొక్కటీ త్రాసులో పెట్టి, గోరంత పిండి తీసి, చిటికెడు కలిపి, ముల్లు కదలకుండా నిలబడేదాకా తూచింది. మూడుసార్లు మార్చి మార్చి తూచింది. చివరికి ఏది ఎవరిదో ఆమెకే తెలియలేదు. అప్పుడు గాని ఆమెకి ఊపిరి సరిగ్గా ఆడలేదు.

*

మధ్యాహ్నానికి గొంప మందిరం నిండింది. ఊళ్ళో మగవాళ్ళు గోడవార నిలబడ్డారు. గ్యాల్సన్ గుమ్మం దగ్గర ఉన్నాడు. పెద్ద గొంప నుంచి వచ్చిన లామా నవాంగ్ మంత్రం చదువుతుంటే, యాంగ్జెస్ గిన్నె తెచ్చి దేవత ముందు పెట్టి, గుడ్డ విప్పింది.

"తూకం సరిగ్గా ఉందా?" అన్నాడు లామా. ఇది ప్రతి ఏడూ అడిగేదే.

"సరిగ్గా ఉంది," అంది యాంగ్జెస్. పొద్దుటి నుంచి ఆమె అన్న మొదటి మాట అది. గుమ్మం దగ్గర గ్యాల్సన్ కాలు మార్చుకుని నిలబడ్డాడు. ఆ మాటని ఏ తూకం ప్రకారం నమ్మాలో అతనికి అంతుపట్టలేదు.

లామా రెండు చేతులతో గిన్నె ఎత్తి తిప్పాడు. ముద్దలు గిన్నె గోడకి తగులుతూ ఒకదాన్నొకటి తరుముకున్నాయి. ఈసారి అడుగున ఏదీ కూర్చోలేదు. ఏడూ తిరిగాయి. యాంగ్జెస్ కళ్ళు మూసుకోలేదు. ఒకటి అంచుకెక్కింది, దిగింది. ఇంకోటి ఎక్కింది, దూకింది. తివాచీ మీద రెండు పొర్లు పొర్లి ఆగింది.

లామా విప్పి చదివాడు. "పల్కిత్."

అబి మోకాళ్ళ మీద కూర్చున్నది అలాగే ముందుకి వాలి, నుదురు నేలకి ఆనించింది. భుజాలు కదులుతున్నాయి.

యాంగ్జెస్‌కి ఏడుపు రాలేదు. కాళ్ళ కింద నేల గట్టిగా ఉన్నట్టు తెలిసింది, అంతే. ఈసారి కొండని అడిగారు. కొండ వద్దంది. అది వేరే సంగతి. దాన్ని భరించవచ్చు. రేపు తెల్లారేసరికి నీళ్ళ వంతు, పార, బురద, ఇంకో పదేళ్ళు. దాన్నెలా భరించాలో మాత్రం ఆమెకి తోచలేదు.

"అబిని మందిరం మెట్లెక్కించడానికే ఇద్దరు కావాలి," అంది చోరోల్ నెమ్మదిగా. "అక్కడ నీళ్ళెవరు తెస్తారు?"

లామా కూడా అదే ఆలోచిస్తున్నాడు. "వయసు చూస్తే... మళ్ళీ ఒకసారి తిప్పుదామా?"

"వద్దు లామా గారూ," అంది అబి. తలెత్తింది. మొహమంతా తడిసిపోయి ఉంది. "ముప్ఫై ఏళ్ళు ముద్దలు చేసినదాన్ని, తూకం నాకు తెలుసు. అది సరిగ్గా తూచిన ముద్ద. నన్నే పిలిచింది. ఎందుకు పిలిచిందో కూడా నాకు తెలుసు. వెళ్ళి చెప్పుకోవాలి. కాకపోతే నాకు చేతులు లేవు, కాళ్ళు లేవు. తోడు కావాలి."

"తోడుకి అడ్డేమీ లేదు," అన్నాడు లామా. "ఎవర్ని తీసుకెళ్తావు?"

"యాంగ్జెస్‌ని."

గుమ్మం దగ్గర గ్యాల్సన్ గొంతు సవరించుకున్నాడు. "అబీ, మర్యాద తప్పి మాట్లాడుతున్నాననుకోకు. రేపు మా నీళ్ళ వంతు. మా ఇంట్లో ఇంకెవరూ లేరు. పిలుపొచ్చింది నీకు, దానికి కాదు."

"నిజమే, దానికి రాలేదు," అంది అబి. "యాంగ్జెస్, ఆ గొంగళి సంచి ఎక్కడుంది?"

"వంటింట్లో."

"అది కూడా పైకి తీసుకెళ్దాం. ఆ సరుకు కొండకి అప్పజెప్పాలి." అబి గుమ్మం వైపు తిరిగింది. గొంతు వణకలేదు. "లేకపోతే ఇక్కడే విప్పి అందరికీ చూపించనా, గ్యాల్సన్? అందులో నాదెంతో నీదెంతో లామా గారు చెబుతారు."

లామా అతని వైపు చూశాడు. గోడవార ఉన్నవాళ్ళంతా చూశారు. ఏ పొలానికి ఎప్పుడు నీళ్ళు వదలాలో చెప్పే మనిషికి కాసేపు ఏ మాట వదలాలో తెలియలేదు. తలగుడ్డ తీసి చేతిలో నలిపాడు.

"తీసుకెళ్ళండి," అన్నాడు.

సాయంత్రం యాంగ్జెస్ మిగిలిన ఆరు ముద్దలూ నది దగ్గరికి తీసుకెళ్ళింది. వాటిలో ఒకటి తనది. ఏదో తెలియదు. ఒక్కొక్కటే చేతిలో ఉంచుకుని చూసి నీళ్ళలో వేసింది. ఏ ఒక్కటీ రెండోదానికంటే బరువుగా లేదు.

*

మూడో రోజు పొద్దున బుట్ట సిద్ధం చేశారు. ఎరువు మోసిన బుట్టే. గొంపలో అంత పెద్దది ఇంకోటి లేదు. యాంగ్జెస్ దాన్ని వాగులో రెండుసార్లు కడిగి, ఎండబెట్టి, లోపల పాత గొంగళి పరిచింది. ఇద్దరు భిక్షుణులు అబిని ఎత్తి అందులో కూర్చోబెట్టారు. దుప్పటి, జపమాల, ఒళ్ళో సంచి.

"ఎరువు వాసనొస్తోందే," అంది అబి.

"రోజూ పీల్చినదాన్ని నేను లేనా?" అంది యాంగ్జెస్.

"నీళ్ళ సంగతి మీరేం బెంగపడకండి," అంది చోరోల్. "మన వంతు రోజున కాలవ గట్టు మీద నేనే కూర్చుంటా. నా నోటికి జడిసైనా పార దించుతాడు."

దారి గ్యాల్సన్ పొలం పక్క నుంచే. వంతు రోజున తెమలని మడులకి అతను ఒక్కడూ ఇంకా నీళ్ళు కడుతున్నాడు. మోకాలు వంగక, పార మీద బరువేసి ఒక్కో మట్టిపెళ్ళా కదుపుతున్నాడు. ఆ వంగే తీరు చూసి యాంగ్జెస్‌కి జాలేసింది. జాలేసినందుకు తన మీద తనకే కోపమొచ్చింది. గట్టు దగ్గర బుట్ట దించి ఊపిరి తీసుకుంది.

మళ్ళీ ఎత్తుకోబోతుంటే గ్యాల్సన్ గబగబా వచ్చాడు. రోజూ పొద్దున మొదటి బుట్టకి చేసినట్టే, ఏమీ అనకుండా అడుగున చేతులు పెట్టి లేపి, ఆమె వీపుకి ఆనించాడు. తాళ్ళు భుజాల మీదికి వచ్చేదాకా పట్టుకున్నాడు. ఆమె వెళ్ళొస్తానని చెప్పలేదు. అతనూ ఎప్పుడొస్తావని అడగలేదు. కాసేపటికి వెనక పార చప్పుడు మళ్ళీ వినిపించింది.

దారి నిటారుగా మొదలైంది. ఎదురుగా ఖాంకర్ నిన్నటిలాగే ఉంది.

"బరువుగా ఉన్నానా?" అంది అబి వీపు వెనక నుంచి.

"రాళ్ళెక్కడున్నాయి?"

"నా ఒళ్ళోనే."

"అయితే వాటిని నువ్వు మొయ్యి. నిన్ను నేను మోస్తా."

మొదటి మలుపులో చదునైన చోటు వచ్చింది. ఊళ్ళో అందరి పొలాలూ అక్కడి నుంచి కనిపిస్తాయి. యాంగ్జెస్ ఆగింది. ఇన్నేళ్ళ అలవాటు కొద్దీ, పొలం కనబడగానే, కుడి భుజం దానంతటదే పక్కకి వంగింది. బుట్ట ఒరిగింది. అబి రెండు చేతులతో అంచు పట్టుకుంది.

"గుమ్మరించేస్తావా ఏంటే నన్ను?"

"ఇంకా అనుకోలేదు," అంది యాంగ్జెస్. నడుం నిటారు చేసి, తాళ్ళు సర్దుకుని, ఎక్కడం మొదలెట్టింది.